పరుపు క్లాసు

ఆగస్టు 19

అమ్మ ముందుగదిలో గోడకు వేలాడే అన్నయ్య డిగ్రీ ఎవరిది?

ఎన్నో ఏళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. అద్దం వెనక పేరు అన్నయ్యదే. ఆల్సీడ్ గిల్లరీ, పార్కులు - వినోద నిర్వహణ, కింద బంగారు ముద్ర. నాలుగేళ్ళు బంతి చంకలో పెట్టుకుని విశ్వవిద్యాలయం కోసం పరుగెత్తాడు, పోయేటప్పుడు వాళ్ళు ఆ కాగితం ఇచ్చారు. దొంగిలించలేదు. కష్టపడే సంపాదించాడు. కానీ చదవలేదు. చదవకుండా సంపాదించిన చదువు ఎవరిదవుతుంది?

ఈ ప్రశ్న పుట్టే చోటే నాకు ఉద్యోగం. ఆటగాళ్ళ చదువు చూసుకునే కేంద్రంలో సలహాదారుని. ఎవరు ఏ క్లాసులో చేరాలో చెప్పడం నా పని. నిజానికి చేసేది, ఏ క్లాసులో చేరకూడదో చెప్పడం.

ఇవాళ థేరన్ బ్యాటిస్ట్ వచ్చాడు. రెండో ఏడాది కుర్రవాడు. ఫుట్‌బాల్ జట్టులో ముందువరుసలో నిలబడి ఎదుటివాళ్ళను ఒంటితో అడ్డుకోవడం వాడి ఆట. నా గదిలోకి కాస్త పక్కకు తిరిగి రావాల్సిందే, లేకపోతే తలుపు పట్టదు.

"మిస్ ఓడెట్, నాకు కెమిస్ట్రీ కావాలండీ."

"ఏ కెమిస్ట్రీ?"

"అసలుది. ల్యాబ్ ఉంటుంది కదా, అది."

ఎవరో పందెం కాసి పంపారనుకుని నవ్వాను. వాడు నవ్వలేదు.

"ఎందుకు నాయనా?"

"మా ఇల్లు నదికి ఇవతల గట్టు మీద. రసాయనాల ప్లాంటు అవతల. గాలి తిరిగినప్పుడు వాసన వస్తుందండీ. అమ్మ కిటికీలు మూసేసి తడిగుడ్డ కుక్కుద్ది. అదేం వాసనో చెప్పమని అందులో పనిచేసే మా మావయ్యని అడిగితే, 'మేం గోధుమరంగు హెల్మెట్టోళ్ళం, మాకు తెలీదు, తెల్ల హెల్మెట్టోళ్ళకి, ఆ ఇంజనీర్లకి తెలుసు' అంటాడు. ఆ తెల్ల హెల్మెట్టోళ్ళు మా ఊరోళ్ళు ఒక్కడూ కాదు."

"నువ్వు తెల్ల హెల్మెట్ పెట్టుకుంటావన్నమాట."

"ముందు ఆ వాసనేంటో తెలవాలండీ. హెల్మెట్ సంగతి తర్వాత."

నేను సరేనని ఉండకూడదు. అన్నాను.

ఆగస్టు 27

ల్యాబ్ బుధవారం ఉదయం తొమ్మిదికి. మధ్యాహ్నాలన్నీ సాధనవే కాబట్టి ఇంకో వేళ లేదు. వాడి టైమ్‌టేబుల్ ప్రింటు తీసి ఇచ్చాను. ఫోన్లో కూడా చూసుకోవచ్చు, కానీ పిల్లలెవరూ చూడరు. మిస్ ఓడెట్ ఇచ్చిన కాగితమే వాళ్ళకు వేదం. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

భయంగా ఉంది. ఎందుకో తెలుసు. రాయను.

సెప్టెంబరు 10

మొదటి పరీక్ష. నూటికి ముప్పై ఒకటి.

సెప్టెంబరు 15

సోమవారం కదా, భోజనశాలలో ఎర్ర చిక్కుళ్ళూ అన్నమూ. ముందువరుస వాళ్ళంతా ఒక బల్ల. థేరన్ పళ్ళెం పక్కన పుస్తకం తెరిచి తింటున్నాడు. వాడి ఎదురుగా కోడీ ఫాంటెనో. ఆఖరి ఏడాది వాడు, వరుసకంతటికీ పెద్దన్న. నోరు మూతపడదు.

"ఒరేయ్ డాక్టరూ, ఈ చిక్కుళ్ళలో ఏముందో చెప్పు చూద్దాం."

"చిక్కుళ్ళు."

"చూశారా, చదువుకున్నోడి మాటే వేరు. ఆ పుస్తకం బదులు పరుపు క్లాసు పెట్టుకునుంటే వచ్చే నెల నాతోపాటు హాయిగా కునుకు తీసేవాడివి గదరా."

పరుపు క్లాసంటే డాక్టర్ మోబ్లీ చెప్పే 'తీరిక - సమాజం'. ఎక్కడినుంచి జారినా దాని మీద పడితే దెబ్బ తగలదని పిల్లలు పెట్టిన పేరు. అర్ధ సెమిస్టరు క్లాసు, అక్టోబరు నడిమిలో మొదలవుతుంది. పేరుంటే చాలు, 'ఎ' వస్తుంది. మోబ్లీ గారికి మైదానంలో మంచి సీటుంది.

"పరుపు మీద పడుకుని లేస్తే ఒళ్ళు నొప్పులు తగ్గుతాయేమో గానీ బుర్ర పెరగదన్నా," అన్నాడు థేరన్.

బల్లంతా గోల. ఫాంటెనో లేచి వాడి నెత్తిన రొట్టెముక్క పెట్టి "ఇదిగో, తెల్ల హెల్మెట్!" అన్నాడు. అందరికంటే పెద్దగా థేరనే నవ్వాడు.

నాకే నవ్వు రాలేదు. నాలుగుకు లెక్కగట్టే మార్కుల సగటు రెండు కంటే దిగితే వాడికి ఆట లేదు, స్కాలర్‌షిప్ లేదు, మళ్ళీ ఆ గట్టు మీద ఇల్లే. కెమిస్ట్రీ పోతే రెండు కంటే దిగుతుంది. ఆ లెక్క ఆ బల్ల దగ్గర నాకొక్కదానికే తెలుసు.

సెప్టెంబరు 30

రెండో పరీక్ష. నలభై నాలుగు. వాడు సంతోషంగా ఉన్నాడు. "పదమూడు పెరిగాయండీ!" అన్నాడు. నేనూ సంతోషంగా ఉన్నట్టు నటించాను. నటన కాదేమో. ఏమో.

అక్టోబరు 6

ప్రూయిట్ గారు పిలిచారు. మా కేంద్రానికి పెద్ద. ఆయన గొంతు ఎప్పుడూ పైకి లేవదు, భయమంతా అందుకే.

"ఓడెట్, నిద్ర పడుతోందా నీకు?"

"పడుతోందండీ."

"నాకు పట్టడం లేదు. మీ బ్యాటిస్ట్ గురించి. కోచ్ అడిగాడు నన్ను. మంచి పిల్లాడు, మంచి ఆట. వాడికి మంచి జరగాలనేగా మనమిక్కడ ఉన్నది?"

"అవునండీ."

"పడిపోతే కింద ఏదో ఒకటి ఉండాలి కదా. నేను చెప్పేదేముంది, నీకు తెలియనిదా."

అంతే. ఏం చేయాలో చెప్పలేదు. చెప్పి ఉంటే కాదనేదాన్ని. కాదనేదాన్నే అనుకుంటున్నాను.

అక్టోబరు 8

థేరన్ పేరు మోబ్లీ క్లాసులో ఎక్కించాను.

అది కూడా బుధవారం తొమ్మిదికే. రెండూ ఒకే వేళ అని కంప్యూటరు ఒప్పుకోలేదు. ఒప్పించే అధికారం మా సలహాదారులకు ఇచ్చారు. ఒప్పించాను. వాడు ఆ క్లాసుకు వెళ్ళాలని కాదు. వెళ్ళక్కర్లేదు. ఊరికే, ఉంటుందని. గొడుగు తీసుకెళ్ళినంత మాత్రాన వాన పడాలని కోరుకున్నట్టా?

వాడికి రేపు చెబుతాను.

అక్టోబరు 9

సాధన ఆలస్యమైంది, వాడు రాలేదు. రేపు చెబుతాను.

అక్టోబరు 10

వచ్చాడు. ఎంత ఉత్సాహంగా ఉన్నాడంటే. ద్రావణం రంగు మారడం మొదటిసారి తన చేత్తోనే జరిగిందట. "ఒక్క చుక్కండీ! ఒక్క చుక్క ముందు ఏమీ లేదు, ఒక్క చుక్క తర్వాత గులాబీరంగు!" ఆ పెద్ద చేతుల్లో సన్నటి గాజుగొట్టం ఎలా పట్టుకున్నాడో చూపించాడు. ఇలాంటప్పుడు ఎలా చెప్పను.

అక్టోబరు 12

ఆదివారం. అమ్మ దగ్గర గంబో పులుసు. అన్నయ్య మిల్లు నుంచి తిన్నగా వచ్చాడు. చెరకు గానుగ మొదలైంది కదా, ఇక క్రిస్మస్ దాకా వాడి ఒళ్ళంతా బెల్లం వాసనే. చేలు తగలబెట్టిన మసి నా కారు మీద, అమ్మ ఆరేసిన దుప్పట్ల మీద.

"అన్నయ్యా, నీ డిగ్రీలో చదివిన క్లాసు ఒక్కటి చెప్పు."

"ఎందుకే, నువ్వేమన్నా మా మేనేజరువా?"

"ఊరికే."

"చెట్ల గురించి ఒకటుండేది. చెట్లుంటాయి, నీడనిస్తాయి. ఎ వచ్చింది." అమ్మ నవ్వింది. వాడు గిన్నెలో చెంచా ఆపాడు. "ఇదిగో ఓడీ, నాతోపాటు చేరిన కర్టిస్ నాకంటే పది రెట్లు తెలివైనోడు. ఇప్పటికీ తొట్లు కడుగుతున్నాడు. నేను షిఫ్టు సూపర్‌వైజర్ని. ఉద్యోగానికి డిగ్రీ ఉండాలన్నారు. ఏ డిగ్రీ అని ఒక్కడూ అడగలా. కాగితం పని కాగితం చేసింది. అది అబద్ధమైతే అమ్మకి ఈ ఇంటి కప్పు వేయించింది అబద్ధమేనా?"

గోడ మీద ఆ అద్దాన్ని అమ్మ చీకటి పడేలోపు ఒకసారి తుడిచింది. ప్రతి ఆదివారం తుడుస్తుంది.

అక్టోబరు 15

మోబ్లీ క్లాసు ఇవాళ మొదలైంది.

వెరె గారి సంగతి నాకెందుకు గుర్తు రాలేదు? ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషే. పోస్టాఫీసులో రిటైరై, మా దగ్గర గంటల లెక్కన పనిచేస్తాడు. క్లాసు తలుపుకుండే అద్దంలోంచి లోపలికి తొంగి చూసి, ఏ ఆటగాడు ఉన్నాడో ఏ ఆటగాడు లేడో కోచ్‌లకు కబురు పంపడం ఆయన పని. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పరు. జాబితాలో థేరన్ పేరుంది, లోపల మనిషి లేడు. కబురు వెళ్ళిపోయింది.

నేను ఆ కబురు చూసేసరికి సాయంత్రమైంది. కోచ్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పొద్దున్నే చేస్తాను.

అక్టోబరు 16

పొద్దున్నే అంటే వాళ్ళకు తెల్లవారకముందే అని నాకు తెలుసు. తెలుసు.

ఒకడు క్లాసు ఎగ్గొడితే వాడి వరుసంతా స్టేడియం మెట్లు పరుగెత్తాలి, కిందినుంచి పైకి, పైనుంచి కిందికి. ఎగ్గొట్టినవాడు మాత్రం కింద నిలబడి చూడాలి. అదీ శిక్ష. మంచుకు మెట్లు తడిగా ఉన్నాయట. ఫాంటెనో దిగుతూ జారాడు. చీలమండ దగ్గర ఎముక విరిగింది.

వాడికి ఆఖరి సీజన్. ఇంకో సీజన్ లేదు.

ఆఫీసులో హీటరు వేసుకుని కూర్చున్నాను. బయట ఎండ కాస్తోంది.

అక్టోబరు 17

థేరన్ వచ్చాడు. తలుపు వేయలేదు. కూర్చోలేదు.

"నేను ల్యాబ్‌లో ఉన్నానండీ. కోచ్‌కి చెప్పాను. ప్రమాణం చేశాను. 'మోబ్లీ క్లాసుకెందుకు వెళ్ళలేదు' అంటాడు. నాకా క్లాసు లేదన్నాను. అందరి ముందూ తన ఫోన్లో చూపించాడు. నా పేరు."

"థేరన్..."

"వాళ్ళు పరుగెత్తుతుంటే నిలబడి చూశాను. ఫాంటెనో అన్న పైనుంచి 'ఏం పర్లేదురా డాక్టరూ, ఒళ్ళు తగ్గుద్ది' అని అరిచాడు. తర్వాతి రౌండులోనే పడ్డాడు."

నేను ఏదో అన్నాను. నీ మంచికే అన్నాను. పడితే కింద ఏదో ఒకటి ఉండాలి కదా అన్నాను. ప్రూయిట్ గారి మాట నా నోట్లోంచి అచ్చం అలాగే రావడం నా చెవులతోనే విన్నాను.

వాడు గుమ్మం వైపు ఒకడుగు వేసి ఆగాడు.

"నేను పడతానని కోచ్ అనుకున్నాడంటే సరే. ప్రూయిట్ గారు అనుకున్నా సరే. మీరు కూడానా, మిస్ ఓడెట్?"

ఆ క్లాసులోంచి తన పేరు తీసేయమన్నాడు. "వచ్చే శుక్రవారం సాయంత్రం దాకా తీసేయొచ్చంట. తీసెయ్యండి. పరీక్ష పోతే నేనే పోతాను. నా అంతట నన్ను పోనివ్వండి."

సరేనన్నాను.

అక్టోబరు 21

తీసేస్తాను. రేపు.

అక్టోబరు 23

మూడో పరీక్ష మార్కులు రాలేదు. వస్తే చూసి తీసేస్తాను. ఎలాగూ తీసేస్తాను.

అక్టోబరు 24

గడువు అయిపోయింది.

అక్టోబరు 27

థేరన్ దారిలో ఎదురై అడిగాడు, తీసేశారా అని. తీసేశానన్నట్టు తల ఊపాను. వాడి భుజాలు తేలికపడ్డాయి. "థాంక్స్, మిస్ ఓడెట్," అన్నాడు. పాత గొంతుతోనే.

వెరె గారికి చెప్పాను, బ్యాటిస్ట్ కోసం ఇక ఆ తలుపు దగ్గర చూడొద్దని. ఎందుకని అడగలేదాయన. టోపీ సర్దుకుని, "మీరు చెబితే సరే మేడమ్," అన్నాడు. ఇంత సులువుగా ఉంటుందని ముందే తెలిస్తే.

నవంబరు 5

మూడో పరీక్ష మార్కులు వచ్చాయి. యాభై ఎనిమిది.

నవంబరు 11

ఫోన్ మోగితే ఎవరిదో చూసి గానీ ఎత్తడం లేదు. ప్రూయిట్ గారు వరండాలో కనిపించి "ఇప్పుడు నాకూ నిద్ర పడుతోంది," అని నవ్వి వెళ్ళిపోయారు. ఆయనకు తెలుసు. అడక్కుండానే తెలుసుకున్నారు, చెప్పకుండానే నాతో చేయించారు. లేదు, చేసింది నేనే.

నవంబరు 22

మా మైదానంలో ఈ ఏడాదికి ఆఖరి ఆట. ఆఖరి ఏడాది వాళ్ళు తల్లిదండ్రుల చేయి పట్టుకుని మైదానం నడుమకు నడిచే రోజు. ఫాంటెనో చంకకర్రల మీద వచ్చాడు. వాళ్ళమ్మ చేతిలో పూలు, ఇంకో చేయి వాడి వీపు మీద. పేరు పిలవగానే స్టేడియమంతా లేచింది. నేను లేవలేదు.

అయ్యాక నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు. "ఏంటి మిస్ ఓడెట్, నా పెళ్ళయినట్టు ఏడుస్తున్నారు? వచ్చే నెల నేను గ్రాడ్యుయేటండీ బాబూ! ఫాంటెనో వంశంలో మొదటోణ్ణి! ఏం చదివానని మాత్రం అడక్కండి, అమ్మ వింటోంది."

వాళ్ళమ్మ నా చేతులు రెండూ పట్టుకుంది. "నా కొడుకుని మనిషిని చేశారమ్మా మీరు."

ఇవాళ ఇంతకంటే రాయలేను.

డిసెంబరు 3

థేరన్ ఇప్పుడు నా గదికి రావడం లేదు. కెమిస్ట్రీ భవనంలోనే ఉంటున్నాడు. ఫాంటెనో వాడికి ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పించుకుంటున్నాడట. అడిగేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు, పుస్తకంలో చూసి అడుగుతాడు, తప్పయితే చంకకర్రతో పొడుస్తాడు. ఎవరో చెప్పి నవ్వారు.

డిసెంబరు 10

ఆఖరి పరీక్ష ఇవాళ. సగం మార్కులు దీనివే. ఆ భవనం ముందు నుంచి ఊరికే నడుచుకుంటూ వెళ్ళాను. రెండుసార్లు. తలుపుకు అద్దం ఉంది. తొంగి చూడలేదు.

తప్పాలని కోరుకుంటున్నానా నేను? వాడు తప్పితే నేను చేసింది మంచిదవుతుంది. ఈ వాక్యం రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను.

డిసెంబరు 18

మార్కులు మా కంప్యూటర్లలోకి వచ్చాయి. పిల్లలకు సోమవారం తెరుస్తారు.

బ్యాటిస్ట్, థేరన్. కెమిస్ట్రీ, ల్యాబ్‌తో సహా: సి.

దాని కిందే. తీరిక - సమాజం: ఎ.

అడుగు పెట్టని క్లాసులో ఎ. వాడికది అవసరమే లేకపోయింది. ఆ ఎ కలపకుండానే సగటు రెండు దాటింది. పరుపు లేకుండానే నిలబడ్డాడు. నేను మాత్రం వాడి కింద పరిచే ఉంచాను. ఇప్పుడది వాడి పేరు మీద, ఆ సి కిందే, దానికంటే అందంగా మెరుస్తూ కూర్చుంది.

డిసెంబరు 20

అన్నయ్యకు మొత్తం చెప్పాను. మిల్లు గేటు దగ్గర, వాడి ట్రక్కులో. వింటూ స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తున్నాడు.

"గానుగ మొదలయ్యే రోజు ఉంటుంది చూడు," అన్నాడు చివరికి, "ప్రతి ఏడూ ఆ రోజు పొద్దున నాకు వాంతవుద్ది. మీ వదినక్కూడా తెలీదు. ఎవడో వచ్చి ఏదో అడుగుతాడని. ఇప్పటిదాకా ఎవడూ అడగలా. అయినా అవుద్ది."

"నువ్వే కదా అన్నావు, కాగితం పని కాగితం చేసిందని?"

"చేసింది. చేయలేదన్నానా?"

"మరి నన్నేం చేయమంటావు?"

"నన్నడక్కే. నా కాగితం అప్పుడే ఎవడన్నా పీకేసి ఉంటే, వాణ్ణి చంపేసేవాణ్ణో కాళ్ళకి దణ్ణం పెట్టేవాణ్ణో నాకే తెలీదు."

డిసెంబరు 21

ఆదివారం. థేరన్ ఫోన్. వెనకాల ఒకటే హడావిడి, ఎవరో పాడుతున్నారు, కుక్క మొరుగుతోంది.

"మిస్ ఓడెట్! కెమిస్ట్రీ సార్ మెయిల్ పెట్టారండీ! సి! సి వచ్చింది!"

"తెలుసు నాయనా. చూశాను."

"నిన్న గాలి తిరిగింది. అమ్మ కిటికీలు మూస్తుంటే ఆగమని, నిలబడి పీల్చాను. పూర్తిగా తెలీదు గానీ, గంధకం ఉందండీ అందులో. అది మటుకు చెప్పగలను. మావయ్యకి చెప్పాను. నా వంక అదోలా చూశాడు."

నేనేం మాట్లాడానో గుర్తు లేదు.

"ఇంకోటి. రేపు మార్కులు తెరుస్తారు కదండీ? ఆ కాగితం ప్రింటు తీసి అద్దం కట్టిస్తానంటోంది అమ్మ. డిగ్రీకి కడతారే, మార్కులకెవరైనా కడతారా అంటే వినట్లేదు. ముందుగదిలో చోటు కూడా చూసింది. మేకు కొట్టేసింది కూడా." నవ్వాడు. "మీరు నన్ను పోనిచ్చారు కదా. పోలేదు చూడండి."

ఫోన్ పెట్టేశాక లైటు వేయకుండా కూర్చున్నాను.

రేపు తెరిచేలోపు రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళి, ఆ ఎ వాడిది కాదు, నేను పెట్టింది అని చెప్పొచ్చు. ఒక్కరోజూ రానివాడికి ఎ ఎలా వచ్చిందని అడుగుతారు. అడిగితే మోబ్లీ క్లాసులో కూర్చున్న ప్రతి పేరునూ లాగుతారు. ఫాంటెనోకి డిగ్రీ వచ్చి పది రోజులైనా కాలేదు, దాన్నీ లాగుతారు. విచారణ అంటూ మొదలైతే ముందు ఆట ఆపేది ఆటగాడికే, నాకు కాదు. థేరన్ మాట ఎవరు నమ్ముతారు? వాడి పేరుంది అక్కడ. కోచ్ ఫోన్లో అందరూ చూశారు.

ఊరుకుంటే, రేపు వాళ్ళమ్మ ఆ కాగితం తీస్తుంది. పైన సి, కింద ఎ. పక్కింటివాళ్ళు వచ్చి ఎ నే చూస్తారు. వాడు రెండూ చూస్తాడు. చూసినప్పుడు వాడికి అర్థం కావడానికి ఒక్క క్షణం చాలు. ఆ తర్వాత పైనున్న సి కూడా తనదేనని వాడు నమ్ముతాడా?

రెండు దారులూ ఎన్నిసార్లు నడిచానో. ఒక్కోసారి వాడి కోసమే భయపడుతున్నాననిపిస్తుంది, ఒక్కోసారి నా కోసమే అనిపిస్తుంది. భయానికి మొహం ఒకటే, గుర్తుపట్టలేకపోతున్నాను.

అక్కడ గోడకు మేకు కొట్టి ఉంది. రేపు పొద్దున రిజిస్ట్రార్ ఆఫీసు తెరుస్తారు. వెళ్ళి చెప్పాలో, నోరు మూసుకుని ఊరుకోవాలో, నిజంగా నాకు తెలియడం లేదు.